పుట్టింటికి వచ్చే గూడబాతులు

గూడూరు దాటి చెన్నై వైపు వెళ్ళే రైల్లో మీరెప్పుడైనా పగటిపూట ప్రయాణం చేశారా? నాయుడుపేట తరువాత దొరవారిసత్రం అని ఒక చిన్న స్టేషను వస్తుంది. పెద్ద బళ్ళు అక్కడ ఆగవు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు కూడా ఆ పేరు చదవకముందే స్టేషను వెనక్కి వెళ్ళిపోతుంది. ఆ స్టేషనుకు దగ్గరలోనే ఉంది నేలపట్టు. పేరులోనే నేల ఉన్నా దాని గొప్పంతా నీళ్ళలో ఉంది. మా చిన్నతనంలో మాకు జూ అన్నా, పార్కు అన్నా, తీర్థయాత్ర అన్నా అదే.

మా తాతగారి ఊరు ఆ పక్కనే. పేరు మాత్రం చెప్పను, చెబితే మావాళ్ళు నొచ్చుకుంటారు. ఎందుకో మీకే తెలుస్తుంది లెండి.

1978లో నాకు ఎనిమిదేళ్ళు. అప్పటికి నేలపట్టును పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించి రెండేళ్ళే అయింది. 1976లో ప్రకటించారు. సంక్రాంతి సెలవులు వచ్చాయంటే కనుమ వెళ్ళిన మర్నాడు తాత బండి కట్టించేవారు. అవ్వ పులిహోర కలిపి అరిటాకులో మూట కట్టేది. పిల్లలం అయిదారుగురం గడ్డి పరిచిన బండిలో ఎక్కి, చెరువుకట్ట కనబడక ముందే వాసన పట్టేవాళ్ళం. వాసనంటే పూలవాసన కాదు సుమండీ! వేల పక్షులు ఒక్కచోట నెలల తరబడి కాపురముంటే వచ్చే వాసన. చేపల బజారూ, సున్నపు బట్టీ కలిపినట్టుంటుంది. మా అక్క ముక్కుకు పైట అడ్డం పెట్టుకుంటే అవ్వ కసిరేది. "పురిటింటికి పోతా ముక్కు మూసుకుంటారంటమే? అవి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు."

పోయిన సంక్రాంతికి మా మనవణ్ణి తీసుకుని మళ్ళీ వెళ్ళాను. వాడికి ఏడేళ్ళు. నలభై ఏళ్ళ పైమాటే నేను అక్కడ అడుగుపెట్టి. ఇప్పుడు గేటు ఉంది, టిక్కెట్టు ఉంది, పిల్లలు ఆడుకునేందుకు ఉయ్యాలలు ఉన్నాయి, పక్షుల సంగతులు బొమ్మలతో చెప్పే ప్రదర్శనశాల ఉంది, ఎక్కి చూడటానికి ఎత్తయిన మంచె ఉంది. ఇదంతా చూసి మొదట నా మనసు కాస్త చిన్నబోయింది. మన బాల్యాన్ని ఎవరో కడిగి, రంగులు వేసి, బోర్డు తగిలించినట్టు అనిపించింది. కట్ట మీదికి పది అడుగులు వేశానో లేదో, అదే వాసన! నాకు నవ్వు ఆగలేదు. మనవడు ముక్కు మూసుకుని, "అమ్మమ్మా, ఎందుకు నవ్వుతున్నావు?" అన్నాడు.

మంచె మీద మా పక్కన ఒక పెద్దమనిషి తన భార్యాపిల్లలకు చెబుతున్నారు: "ఇవన్నీ సైబీరియా నుంచి వేల మైళ్ళు ఎగిరి వచ్చినవి." అక్కడ ఆయన మాట కాదనడం మర్యాద కాదని ఊరుకున్నాను. మీతో చెప్పడానికి మొహమాటమేముంది! మనలో చాలామందికి ఈ పొరపాటు ఉంది. పత్రికల్లో కూడా అట్లాగే వస్తుంటుంది.

చలికాలంలో ఉత్తరపు చలిదేశాల నుంచి మన చెరువులకు వచ్చే పక్షులు ఉన్నమాట నిజమే. సూదితోక బాతులు అట్లాంటివే. అవి ఇక్కడికి మేతకు వస్తాయి. చలి తగ్గగానే వెళ్ళిపోయి, అక్కడే గుడ్లు పెట్టుకుంటాయి. ఇక్కడ గూడు కట్టవు. నేలపట్టులో చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతున్న గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు అన్నీ మన దేశపు పక్షులే. ఏడాదిలో కొన్ని నెలలు దక్షిణాదిలో ఏ చెరువులో చేపలుంటే ఆ చెరువుకు తిరుగుతాయి. నెలలు నిండాయనుకోండి, అప్పుడు ఇక్కడికి చేరతాయి. పైవాళ్ళు అతిథులుగా వస్తారు, పురుడు పోసుకునేది మాత్రం పుట్టింట్లోనే. మా అవ్వ బడికి పోయింది లేదు, పుస్తకం చదివింది లేదు. అయినా ఆ పెద్దమనిషి కంటే ఆవిడ మాటే శాస్త్రానికి దగ్గర.

మరి ఈ పుట్టింటికే ఎందుకు రావాలి? చుట్టూ ఇన్ని ఊళ్ళు, ఇన్ని చెరువులు ఉన్నాయి కదా!

మొదటి సంగతి వాన. రాష్ట్రంలో చాలాచోట్ల వానలు నైరుతి నుంచి, జూన్ మొదలు కురుస్తాయి. నెల్లూరు సీమ తీరు వేరు. ఇక్కడ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల ఈశాన్యపు గాలులతోనే పడుతుంది. చెరువులు నిండేది అప్పుడే. పక్షులు కూడా ఆ లెక్కనే చేరి, అక్టోబరు, నవంబరుల్లో గూళ్ళు మొదలుపెట్టి, మార్చి, ఏప్రిల్ నాటికి పిల్లలతో సహా వెళ్ళిపోతాయి. వానలు ముందైతే ముందు, వెనకైతే వెనక. మన పంచాంగంతో వాటికి పనిలేదు.

రెండోది చెట్టు. నేలపట్టు చెరువులో నీళ్ళ మధ్యన నిలబడి ఉన్న చెట్లను కడప చెట్లంటారు. కడప ఊరికీ దీనికీ సంబంధం లేదు. మామూలు చెట్టు వేళ్ళు నెలల తరబడి నీళ్ళలో మునిగితే కుళ్ళిపోతుంది కదా, ఇది చెక్కుచెదరదు. ఎండాకాలంలో ఎర్రని పూలు కుచ్చులు కుచ్చులుగా, జడగంటల్లాగా వేలాడతాయి. మేము వెళ్ళింది ఎప్పుడూ సంక్రాంతికే గనుక ఆ పూలు నేను చూసింది రెండుసార్లే. కొమ్మలు గట్టివి, అడ్డంగా సాగుతాయి. నాలుగైదు కిలోలు తూగే గూడబాతు వాలినా ఓర్చుకుంటాయి. ఒక్కొక్క చెట్టు మీద బోలెడన్ని గూళ్ళు, పై అంతస్తు ఒకరిది, కింది అంతస్తు ఒకరిది. పట్నంలో మనం ఫ్లాట్లలో ఉన్నట్టే. పక్కింటివాళ్ళతో పుల్లల దగ్గర తగాదాలు కూడాను.

మూడోది, అన్నింటికంటె ముఖ్యమైనది, చెట్టు కింద నీళ్ళు. చెట్టు చుట్టూ నీరున్నంతకాలం నక్కలు, అడవిపిల్లులు, కుక్కలు దాని దరికి రాలేవు. పూర్వం కోటల చుట్టూ కందకం తవ్వి నీళ్ళు నింపేవారు చూడండి, సరిగ్గా అదే. చెరువు కందకం, చెట్టు కోట. నీళ్ళు తీశాయంటే కోట తలుపులు తెరిచి పెట్టినట్టే. ఈ మూడో సంగతి దగ్గరికి మళ్ళీ వస్తాను.

ముందు గూడబాతు గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి. గూడ అంటే ఈ కాలపు పిల్లలకు తెలియదు. కాలువ పల్లంలో, మడి మిట్టలో ఉంటే, బుట్టకు రెండువైపులా తాళ్ళు కట్టి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఊపుతూ నీళ్ళు పైకి ఎత్తిపోసేవారు. దాన్ని గూడ వేయడం అనేవారు. ఈ పక్షి ముక్కు కింద సంచి చూస్తే నాకెప్పుడూ ఆ గూడే జ్ఞాపకం వస్తుంది. చిన్నప్పుడు మేము ఆ సంచిలో చేపలు పోసుకుని పిల్లలకు మోసుకొస్తుందనుకునేవాళ్ళం, బజారు సంచి మాదిరి. అది నిజం కాదు. సంచి వల లాంటిది. నీళ్ళతో సహా చేపల్ని తోడుకుని, ముక్కు వంచి నీళ్ళు వదిలేసి, చేపల్ని మింగేస్తుంది. గూటికి వచ్చాక కడుపులో సగం అరిగినదాన్ని మళ్ళీ పైకి తెచ్చి పెడుతుంది. పిల్ల తన తలంతా తల్లి నోట్లో దూర్చి తింటుంది. మా మనవడు అది చూసి "మింగేస్తోంది, మింగేస్తోంది!" అని కేకలు పెట్టాడు. నేనూ ఆ వయసులో అట్లాగే అరిచి తాత చేత చీవాట్లు తిన్నాను.

ఇంకొక సంగతి. ఇది మనవాళ్ళు మగవాళ్ళకు వినిపించవలసినది. పుల్లలు ఏరుకొచ్చేది మగపక్షి, గూడు పేర్చేది ఆడపక్షి. తరువాత నెల రోజులపాటు గుడ్లను ఇద్దరూ వంతులవారీగా పొదుగుతారు. పిల్లలు వచ్చాక ఇద్దరూ వెళ్ళి మేత తెస్తారు. పుట్టింటికి పురిటికి పంపి తాను నిశ్చింతగా ఉండే అల్లుడు ఇక్కడ లేడన్నమాట! పిల్ల పుట్టినప్పుడు ఒంటిమీద ఈకన్నది ఉండదు. తరువాత తెల్లని నూగు వస్తుంది. తనంతట తాను ఎగిరి వెళ్ళడానికి మూడు నెలలు పైనే పడుతుంది. ఎర్రకాళ్ళ కొంగల గూళ్ళవైపు మధ్యాహ్నం చూశారా, ఎండ పిల్లల మీద పడకుండా తల్లో తండ్రో రెక్కలు గొడుగులా పరిచి కదలకుండా నిలబడి ఉంటుంది. నడినెత్తిన ఎండ. గంటల తరబడి అట్లాగే.

ఇప్పుడు పొలాల సంగతి. ఇన్ని పక్షుల రెట్టలు పడేది చెరువులోనే కదా. ఆ రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయి. మనం మూటలు కొని చల్లే ఎరువుల్లో ఉండేవీ అవే. ఆ నీళ్ళు పారిన మళ్ళకు బలం వస్తుందని ఆ పక్క రైతులకు తాతల నాటి నుంచి తెలుసు. అందుకే పక్షుల జోలికి ఎవరినీ రానిచ్చేవారు కాదు. మా తాత మొలగొలుకులు వేసేవారు. "నేలపట్టు కింద పొలమున్నోడికి ఎరువు ఆకాశాన్నించి పడతాది" అని కొంచెం అసూయగానే అనేవారు. ఈ తెలివి మన ఒక్కరిదే కాదు. తమిళనాట చెంగల్పట్టు దగ్గర వేడంతాంగల్ చెరువు ఉంది. అక్కడి ఊరివాళ్ళు తమ పక్షుల్ని ఎవరూ కాల్చకుండా 1798లోనే దొరల దగ్గర పత్రం పుచ్చుకున్నారు.

మా ఊరి చెరువు ఆయన మాటకు అడ్డం వచ్చేది. మా చెరువులోనూ ఒక మూల పది పన్నెండు కడప చెట్లు ఉండేవి. నేలపట్టులో చోటు చాలకనో ఏమో, ఏటా కొన్ని పక్షులు మా చెట్ల మీదికి వచ్చేవి. మా గూళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాళ్ళం. నాకు పదేళ్ళు వచ్చిన ఏడు వానలు వెనకబట్టాయి. చెరువు సగమే నిండింది. పక్షులు మాత్రం వచ్చాయి, గూళ్ళు కట్టాయి. జనవరి వచ్చేసరికి వరి పొట్టమీద ఉంది. ఇంకొక్క తడి పెడితే పంట చేతికి వస్తుంది, లేకపోతే గడ్డి. రెండు రాత్రులు రచ్చబండ దగ్గర కేకలు. గూళ్ళలో పిల్లలున్నాయి, ఇరవై రోజులు ఆగుదామన్నవాళ్ళు ఒకరిద్దరే. మా తాత వాళ్ళలో లేరు. మూడోనాడు నీరుగట్టి వెళ్ళి తూము ఎత్తాడు.

నాలుగు రోజుల్లో చెట్ల కింద బురద తేలింది. రాత్రిపూట ఊరికుక్కలు అటు పోవడం మా అరుగు మీది నుంచి వినబడేది. పెద్ద పక్షులు కొన్ని లేచిపోయాయి. నేను పొద్దున్నే వెళ్ళి బురదలో పడి ఉన్న ఒక గూడబాతు పిల్లను లంగాలో చుట్టుకుని తెచ్చాను. అవ్వ వాకిట్లోనే చూసింది. "తాకబాకమే, దాన్నట్టానే ఉండనీ. దానికి నువ్వు తల్లివి కాలేవు" అంది. నేను వినలేదు. గంప కింద పెట్టి, మజ్జిగన్నం పెట్టాను, నీళ్ళు పోశాను. అది నోరు తెరిచింది గాని మింగలేదు. తల్లి కడుపులో అరిగిన చేప దానికి కావాలి, తల్లి ఒంటి వెచ్చదనం కావాలి. నాకేం తెలుసు? రెండోనాటి పొద్దుటికి గంప కింద చలనం లేదు. అవ్వ ఒక్కమాట అనకుండా పెరట్లో గొయ్యి తీసింది.

పంట చేతికి వచ్చింది. ఆ ఏడంతా మేము ఆ బియ్యమే తిన్నాము. మా తాతను నేను తప్పుపట్టడం లేదు, ఆయనకు నలుగురు పిల్లలు, అప్పు ఉన్నది. తరువాతి ఏడు చెరువు నిండింది. పక్షులు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు.

నేలపట్టు ఉన్న చోటు ఉండగలగడానికి కారణం ఇక్కడ ఉందని నాకు ఇప్పుడు తోస్తోంది. సుమారు 459 హెక్టార్లు, చెరువూ తుప్ప అడవీ కలిపి, పక్షులకని కేటాయించారు. గేటు చూసి, టిక్కెట్టు చూసి నేను చిన్నబోయాను గాని, రాత్రిపూట అటు పోయే కుక్కల్ని ఆపేది ఆ కట్టుబాట్లే కదా.

అయితే కంచె వేసినంత మాత్రాన అంతా సరిపోయిందనుకోకండి. పుట్టింట్లో గది ఇచ్చి వంటింటికి తాళం వేస్తే బాలింత ఏం తింటుంది? నేలపట్టు చెరువులో చేపలు ఇన్ని వేల నోళ్ళకు చాలవు. గూడబాతులు మేతకు చుట్టుపక్కల చెరువులకూ, తూర్పున పులికాట్ సరస్సుకూ పోతాయి. నత్తగుల్ల కొంగలు వరిమళ్ళలో నత్తల్ని ఏరుకుంటాయి. అంటే గది ఒకచోట, వంటిల్లు మైళ్ళ దూరంలో. పొలాల్లో పురుగుమందు ఎక్కువైతే ఆ నత్త ద్వారా అది గూటికి చేరుతుంది. పులికాట్‌కు మరో చిక్కు ఉంది. చిలికా తరువాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఒకవైపు కాళంగి, స్వర్ణముఖి లాంటి ఏళ్ళ మంచినీరు, మరోవైపు సముద్రపు నీరు, రెండూ కలిస్తేనే దాంట్లో చేప, రొయ్య పెరుగుతాయి. సముద్రం లోపలికి వచ్చే మొగలు ఇసుకతో పూడుకుపోతుంటే నీరు మారదు, ఎండకు లోతు తగ్గుతుంది. రాయదొరువు దగ్గర పూడిక తీయించమని అక్కడి జాలరులు ఎన్నేళ్ళుగానో అడుగుతున్నారు. వాళ్ళ వల, గూడబాతు సంచి, రెండూ ఆ మొగ మీదే ఆధారపడ్డాయి.

మధ్యాహ్నం మేము సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద పులికాట్ చూడటానికి వెళ్ళాము. దూరాన నీళ్ళలో గులాబీరంగు గీత గీసినట్టు ఫ్లెమింగోలు. 2001 నుంచి వాటి పేరనే అక్కడ పండుగ చేస్తున్నారు. అందం వాటిదే, ఒప్పుకుంటాను. కాని మా మనవడికి మాత్రం తల్లి నోట్లో తల దూర్చిన పిల్లే నచ్చింది. నాకూ అంతే.

మీరు వెళ్ళదలచుకుంటే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. పొద్దున్నే గాని, సాయంత్రం నాలుగు దాటాక గాని వెళ్ళండి. మేతకు పోయినవి తిరిగి వచ్చే వేళ చూడవలసినది అదే. కొట్టొచ్చే ఎర్రచీరలు, జరీ చీరలు వద్దు, నలగని ఆకుపచ్చదో బూడిదరంగుదో నేతచీర కట్టుకోండి. పిల్లలకు ముందే చెప్పండి, చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపకూడదని. పెద్దపక్షి ఒక్కసారి బెదిరి లేస్తే గూట్లో గుడ్డు ఎండకు మాడుతుంది, లేదా కాకి తన్నుకుపోతుంది. కింద పడిన పిల్ల కనబడితే మీరు ముట్టుకోకండి, అక్కడి సిబ్బందికి చెప్పండి. ఫలహారం పట్టుకెళ్ళినా ప్లాస్టిక్ సంచుల్లో కాకుండా డబ్బాలో పెట్టుకుని, డబ్బా వెనక్కి తెచ్చుకోండి. చెట్ల కింద నిలబడేటట్టయితే గొడుగు మరువకండి. ఎందుకో చెప్పనక్కరలేదు కదా!

తిరిగి వచ్చేటప్పుడు ఆటో అతన్ని బతిమాలి మా తాతగారి ఊరి మీదుగా పోనిచ్చాను. మా ఇల్లు ఇప్పుడు వేరేవాళ్ళది. చెరువు మాత్రం నిండుగా ఉంది. కడప చెట్లు పన్నెండింటిలో మూడు మిగిలాయి. నీళ్ళ మీద రెండు గూడబాతులు మెల్లగా తేలుతూ ముక్కులు ముంచుతున్నాయి. మనవడు ఆటో దిగి పరుగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇక్కడా చెట్లున్నాయి కదా, మరి గూళ్ళేవి?" అన్నాడు.

వాడికి తూము చూపించాను. తాత కథ అంతా చెప్పాను, గంప సంగతితో సహా. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అవి మనల్ని చూస్తున్నాయా?" అని అడిగాడు. గూడబాతులు చేపల పనిలో ఉన్నాయి. మేము నిలబడ్డంతసేపూ అటే ఉన్నాయి, పొద్దుగుంకే వేళకు రెండూ లేచి నేలపట్టు వైపు వెళ్ళాయి.